తొలిచూలు కబురు: ముందుగా ఎవరికి తెలిసేది?

ఈసారి యూరియా గురించో, మిర్చి రేటు గురించో కాదు. మన ఇళ్ళల్లో కోడలో కూతురో మొదటిసారి నెల తప్పితే ఆ సంగతి ఎట్లా తెలిసేది, ముందు ఎవరికి తెలిసేది, ఎవరు ఎవరికి చెప్పేవాళ్ళు, ఆ చరిత్ర రాస్తున్నా. మగాడికెందుకయ్యా ఈ గోల అనేవాళ్ళు ఉంటారు. గేదె ఎదకొచ్చిన తారీకు పాకలో గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకుని, ఇరవయ్యొకటో రోజున మళ్ళీ అరుస్తుందా లేదా అని చెవులు రిక్కించే మనం, ఇంట్లో ఆడపిల్ల సంగతి మాత్రం మనకి పట్టనట్టు ఉంటే ఏం బాగుంటది? పోస్టు పొడుగే. తీరిగ్గా చదవండి.

ముందు మన మాటలు చూడండి. మొదటి గర్భాన్ని పెద్దలు తొలిచూలు అన్నారు. పశువుకైతే చూడి. వరి కంకి వేసే ముందు చేను పొట్ట మీదుంది అంటాం, కంకి బయటికొస్తే ఈనింది అంటాం. మనిషికీ గొడ్డుకీ పైరుకీ మాటలు అటూ ఇటూగా ఒకటే. కానీ ఆడపిల్ల విషయం వచ్చేసరికి ఎవరూ సూటిగా చెప్పేవాళ్ళు కాదు. నెల తప్పింది, నీళ్ళోసుకుంది, ఒట్టి మనిషి కాదు, ఇట్లా చుట్టు తిప్పి చెప్పేవాళ్ళు. ఇందులో నీళ్ళోసుకుంది అంటే గర్భం వచ్చిందని, నీళ్ళాడింది అంటే కాన్పయిందని. ఇప్పటి పిల్లలకి ఈ తేడా చెప్తే నవ్వుతారు.

ఆ రోజుల్లో ఈ కబురు ఒకరు చెప్తే ఇంకొకరికి తెలిసేది కాదు. లెక్క వల్ల తెలిసేది. నెలకి మూడు రోజులు ఆడవాళ్ళు బయట చేరేవాళ్ళు గదా. విడిగా చాప, విడిగా చెంబు, వంటింట్లోకి రాకూడదు, మంచినీళ్ళ కుండ ముట్టుకోకూడదు. నా మట్టుకు నాకు ఆ పద్ధతి పోవడమే మంచిదనిపిస్తది. కానీ దానివల్ల ఒకటి జరిగేది. కోడలి తారీకు ఆమెకెంత తెలుసో అత్తకీ, ఆడబిడ్డకీ, పక్కింటి పెద్దమ్మకీ అంతే తెలుసు. తారీకు దాటి పది రోజులైనా పిల్ల బయట కూర్చోలేదంటే ఇంక చెప్పేదేముంది? ఆమె నోరు తెరవకముందే వీధి వీధికీ తెలిసిపోయేది. అందరికంటే చివర తెలిసేది మొగుడికి.

మా అమ్మ చెప్పేది. నేను కడుపులో పడ్డప్పుడు మా నాన్నకి ఎవరూ ఏమీ చెప్పలేదంట. ఒకరోజు పొద్దున మా నాయనమ్మ, "రేపట్నించి దాన్ని చెరువు నీళ్ళకి పంపొద్దురా, బిందె నేను తెస్తా" అందంట. అదే కబురు. మా నాన్న ఏం మాట్లాడకుండా కండువా దులుపుకుని చేలోకి వెళ్ళిపోయాడంట. సాయంత్రం వస్తా వస్తా నాలుగు పచ్చి చింతకాయలు తెచ్చి వాకిట్లో అరుగు మీద పెట్టాడంట. ఆయన ఇచ్చిన జవాబు అది.

ఈ లెక్కకి ఇంకో పక్క కూడా ఉంది. పెళ్ళయి రెండేళ్ళయినా నెలనెలా బయట కూర్చునే పిల్ల సంగతి కూడా ఊరంతటికీ తెలుసు. నూతి దగ్గర, నాట్ల దగ్గర, పెళ్ళి పందిట్లో ఒకటే ప్రశ్న. "ఏమ్మా, ఏమన్నా విశేషమా?" ఈ విశేషం అనే మాట ఎంతమంది ఆడపిల్లల్ని మూలకి పంపించిందో లెక్కలేదు. తొలిచూలు మూడో నెలలో పోతే అది కూడా అందరి ముందూ పోయినట్టే. దాచుకుని ఏడ్చే వీలు లేదు.

అందుకే కాబోలు, మా వైపు దొంగ చలిమిడి అని ఒక పద్ధతి ఉండేది. మూడో నెలలో పుట్టింటివాళ్ళు తడిబియ్యం దంచి, పిండిలో బెల్లం పాకం పోసి చలిమిడి చేసి, ఎవరికీ చెప్పకుండా తెచ్చి పిల్ల ఒడిలో పెట్టేవాళ్ళు. కడుపు చలవగా నిలవాలని. ఐదో నెలలోనో ఏడో నెలలోనో సీమంతం చేసి గాజులు తొడిగేది పదిమంది ముందు, ఇది మాత్రం గుట్టుగా. గర్భం నిలుస్తుందో లేదో తేలేదాకా నలుగురిలో చాటొద్దని ఆ ఆడవాళ్ళ తెలివి. పుట్టింటికి కబురు పంపడం కూడా అట్లాగే. కార్డు ముక్క మీద రాస్తే పోస్టుమాన్ దగ్గర్నించి దారిలో అందరూ చదువుతారు. అందుకని పాలేరునో, ఆ ఊరెళ్ళే బంధువునో పంపేవాళ్ళు. ఉత్తరమే రాయాల్సి వస్తే ఇన్‌లాండ్ కవరు అంటించి, మూలలకి పసుపు రాసి పంపేవాళ్ళు. పసుపు చూస్తేనే శుభవార్త అని వాళ్ళకి తెలిసిపోయేది.

సరే, నెల తప్పినంత మాత్రాన గర్భమే అని నమ్మకం ఏంటి? రక్తం తక్కువైనా తప్పొచ్చు, జబ్బు చేసినా తప్పొచ్చు. ఈ అనుమానం తీర్చుకోవడానికి మనుషులు ఎన్ని పాట్లు పడ్డారో వినండి. మొదటిది మన రైతుల పనే.

ఈజిప్టు దేశంలో సుమారు 3300 ఏళ్ళ క్రితం రాసిన వైద్యపు చుట్ట ఒకటి దొరికింది. పాపిరస్ అనే తుంగజాతి మొక్కతో చేసిన కాగితం అది. ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. అందులో ఏముందంటే, ఆడమనిషి రోజూ తన మూత్రంతో గోధుమ గింజల్నీ, బార్లీ గింజల్నీ విడివిడిగా తడపాలి. మొలిస్తే గర్భం, ఏదీ మొలవకపోతే లేదు. బార్లీ మొలిస్తే మగపిల్లాడు, గోధుమ మొలిస్తే ఆడపిల్ల అని కూడా రాశారు. మూఢనమ్మకమని కొట్టిపారేయొద్దు. 1963లో ఈజిప్టు డాక్టర్లు దీన్ని నిజంగానే చేసి చూశారు. గర్భిణుల మూత్రం పోసినప్పుడు నూటికి 70 సార్ల లెక్కన గింజలు మొలిచినాయి. గర్భం లేనివాళ్ళదీ, మగవాళ్ళదీ పోస్తే మొలవలేదు. ఆడా మగా అన్న ముక్క మాత్రం తప్పని తేలింది.

మన దేశంలో పశువైద్యులు ఇదే పరీక్షని ఆవుల మీద చేసి చూశారు. పుణ్యకోటి పరీక్ష అంటారు దాన్ని. ఒక పాలు మూత్రానికి నాలుగు పాళ్ళు నీళ్ళు కలిపి గోధుమ గింజల మీద పోసి నాలుగైదు రోజులు చూస్తారు. ఇక్కడ ఫలితం తిరగబడింది. చూడి ఆవు మూత్రం పోసిన గింజలు సరిగా మొలవవు, మొలిచినా మొలక గిడసబారుతుంది. మొలక రాకుండా ఆపే పదార్థం ఆ మూత్రంలో ఎక్కువ ఉంటుందని వాళ్ళు చెప్పే కారణం. సరదాకి చేసి చూసుకోండి గానీ దీన్ని నమ్ముకుని డాక్టరుతో చూడి పరీక్ష చేయించడం మానొద్దు.

మన సుశ్రుతుడి గ్రంథంలో గర్భం నిలిచిన ఆనవాళ్ళు ఉన్నాయి. అలుపు, దప్పిక, ఒళ్ళు బరువు, ఇట్లాంటివి. అందులో నాకు నచ్చిన మాట ఒకటి ఉంది. నాలుగో నెలలో బిడ్డ గుండె తెలుస్తుంది కాబట్టి ఆ తల్లిది రెండు హృదయాలున్న ఒళ్ళు, ఆమెకి పుట్టే కోరిక బిడ్డ కోరిక, తీర్చకపోతే బిడ్డకి చేటు అన్నాడు. నిజమో కాదో పక్కన పెట్టండి. అత్తగారింట్లో నోరెత్తి ఫలానాది కావాలని అడగలేని పిల్లకి ఆ నాలుగు నెలలైనా అడిగే హక్కు దొరికింది.

ఇక రాజులకీ రాణులకీ అయినా ఈ సంగతి తేల్చుకోవడం ఎంత కష్టమో ఇంగ్లండు రాణి మేరీ కథ చెప్తుంది. 1554లో ఆమె స్పెయిన్ రాజకుమారుడు ఫిలిప్‌ని పెళ్ళాడింది. అప్పటికి 38 ఏళ్ళు. ఆ సంవత్సరం నవంబరుకల్లా రాణిగారు గర్భవతి, కడుపులో బిడ్డ కదిలింది అని చాటేశారు. లండన్ పెద్ద చర్చిలో కృతజ్ఞత ప్రార్థనలు చేయించారు. 1555 ఏప్రిల్లో పురిటికని హాంప్టన్ కోర్టు కోటలో చేరింది. బిడ్డ పుట్టిందని దేశదేశాల రాజులకి పంపే ఉత్తరాలు కూడా ముందే రాయించి పెట్టారు, తారీకు రాసే చోటు మాత్రం ఖాళీ వదిలి. ఏప్రిల్ 30న మగబిడ్డ పుట్టాడని పుకారు లేచి లండన్‌లో గంటలు మోగించారు, వీధుల్లో మంటలు వేసి పండగ చేసుకున్నారు. బిడ్డ లేదు. మే పోయింది, జూన్ పోయింది, జూలై పోయింది. ఆగస్టులో రాణి ఎవరికీ ఏమీ చెప్పకుండా ఆ కోట ఖాళీ చేసింది. పొట్ట పెరిగింది, అన్ని లక్షణాలూ కనపడ్డాయి, గర్భం మాత్రం కాదు. చేతికింద వైద్యులున్న రాణికే తెలియలేదు. ఆ సిగ్గు ఎట్లా భరించిందో పాపం. మన ముసలమ్మలు చలిమిడిని గుట్టుగా ఎందుకు తెచ్చేవాళ్ళో ఇది చదివాక నాకు బాగా అర్థమైంది.

అదే ఇంగ్లండులో ఉరిశిక్ష పడ్డ ఆడమనిషి నేను గర్భవతిని అంటే కోర్టువాళ్ళు పెళ్ళయిన ఆడవాళ్ళని పన్నెండు మందిని పిలిచి పరీక్ష చేయమనేవాళ్ళు. బిడ్డ కదులుతున్నాడని వాళ్ళు చెప్తే ప్రాణం నిలిచేది, లేదంటే ఉరి. ఈ పద్ధతి 1931 దాకా చట్టంలో ఉందంటే నమ్మండి.

అసలైన పరీక్ష వచ్చి ఇంకా నూరేళ్ళు కాలేదు. 1927-28లో బెర్లిన్‌లో అష్‌హైమ్, జోండెక్ అని ఇద్దరు డాక్టర్లు గర్భిణి మూత్రంలో ఒక హార్మోను ఉంటుందని పట్టుకున్నారు. ఆ మూత్రాన్ని ఎదగని ఆడ ఎలుకలకి సూదిమందులా ఎక్కించి, కొన్ని రోజులకి వాటిని కోసి అండాశయాలు చూసేవాళ్ళు. ఉబ్బి ఉంటే గర్భం. యూదులైనందుకు హిట్లర్ కాలంలో ఆ ఇద్దరూ దేశం వదిలి పోవాల్సి వచ్చింది. 1931లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ అనే ఆయన ఎలుకల బదులు కుందేలు వాడాడు. అక్కడ "కుందేలు చచ్చింది" అంటే ఆమె గర్భవతి అని జనం వాడుక. అది తప్పు, గర్భం ఉన్నా లేకపోయినా కుందేల్ని కోసే చూసేవాళ్ళు, దానికి చావు తప్పేది కాదు.

ఆ తర్వాత కప్ప వచ్చింది. దక్షిణాఫ్రికాలో పనిచేసిన హాగ్‌బెన్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల వల్ల అక్కడి గోళ్ళ కప్పకి ఈ హార్మోను తగిలితే ఒక్కరోజులోపే గుడ్లు పెడుతుందని తెలిసింది. కప్పని చంపాల్సిన పని లేదు, కొన్నాళ్ళాగి మళ్ళీ వాడుకోవచ్చు. 1930ల నుంచి 1960ల దాకా ఆ కప్పల్ని వేల లెక్కన ఓడలకెక్కించి దేశదేశాల ఆసుపత్రులకి పంపారు. కానీ చూడండి, ఎలుకైనా కుందేలైనా కప్పైనా ఫలితం ముందు తెలిసేది ల్యాబువాడికి, తర్వాత డాక్టరుకి, ఆ తర్వాతే ఆ తల్లికి. మన ఊళ్ళో అత్తగారి స్థానంలో అక్కడ డాక్టరు కూర్చున్నాడు, అంతే తేడా.

దీన్ని తిప్పిన మనిషి డాక్టరు కాదు. పేరు మార్గరెట్ క్రేన్. 1967లో అమెరికాలో న్యూజెర్సీలో ఆర్గనాన్ అనే మందుల కంపెనీలో డబ్బాల మీద బొమ్మలు, డిజైన్లు వేసే ఉద్యోగం. వయసు 26. ఒకరోజు ల్యాబులో అద్దం పైన వరసగా వేలాడదీసిన గాజు గొట్టాలు చూసి ఇవేంటని అడిగింది. గర్భం పరీక్షలన్నారు. అప్పటికి స్వీడన్ శాస్త్రవేత్తలు కప్ప కూడా అక్కర్లేని పద్ధతి కనిపెట్టారు. గొర్రె రక్తకణాలు, మందు కలిపిన గొట్టంలో మూత్రం పోస్తే, గర్భం ఉంటే అడుగున ఉంగరంలాగా గుండ్రటి గీత పడుతుంది. గొట్టం అడుగు చూడటానికే కింద అద్దం. ఇంత తేలికైంది ఇంట్లో ఆమే చేసుకోవచ్చు గదా అనుకుంది క్రేన్. గుండుపిన్నులూ క్లిప్పులూ పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, అడుగున అద్దం, పైన గొట్టం, పక్కన చుక్కలు వేసే గొట్టం అమర్చి నమూనా చేసింది.

కంపెనీవాళ్ళు ముందు ఒప్పుకోలేదు. డాక్టర్లు మన ఖాతాదారులు, వాళ్ళకి కోపమొస్తుందన్నారు. తర్వాత ఆలోచన బాగుందని మగ డిజైనర్లని పిలిచి నమూనాలు చేయించారు, ఈమెని పిలవకుండానే. ఆమె తనే వెళ్ళి తన డబ్బా కూడా ఆ బల్ల మీద పెట్టి కూర్చుంది. చివరికి అదే నిలిచింది. 1971లో ముందు కెనడాలో ప్రిడిక్టర్ పేరుతో అమ్మకానికొచ్చింది. అమెరికాలో రావడానికి 1970ల చివరిదాకా పట్టింది. పేటెంటు ఆమె పేరు మీదే తీసుకున్నారు, హక్కులు ఒక్క డాలరుకి కంపెనీకి రాయించుకున్నారు. ఆ డాలరు కూడా తన చేతికి రాలేదని ఆమే చెప్పుకుంది. ఆమె చేసిన మొదటి డబ్బాని 2015లో స్మిత్సోనియన్ మ్యూజియంవాళ్ళు వేలంలో కొన్నారు. విత్తనం ఒకరిది, పంట ఇంకొకరిది. మనకి తెలియని కథ కాదు.

ఇప్పుడు మనం చూసే పుల్ల 1988లో వచ్చింది. కరోనా అప్పుడు ముక్కులో పుల్ల పెట్టి చేసిన కిట్టు గుర్తుందా, రెండు గీతలు పడితే ఉన్నట్టు? అదే సూత్రం. బిడ్డ పిండం గర్భసంచి గోడకి అంటుకోగానే ఆ హార్మోను మొదలై రెండు మూడు రోజులకొకసారి రెట్టింపవుతూ పోతుంది. అందుకే తొందరపడి ముందే చేస్తే ఉన్నా లేనట్టు చూపిస్తుంది. నెల తప్పాక, పొద్దున మొదటి మూత్రంతో చేయాలి. లేదని వచ్చి నెల కూడా రాకపోతే వారం ఆగి మళ్ళీ చేసుకోవాలి. మన దగ్గర 2005లో ఆశా కార్యకర్తలు వచ్చారు గదా, ఆ తర్వాత నిశ్చయ్ అనే పేరుతో ఈ కిట్లు వాళ్ళ ద్వారా ఊళ్ళకి చేరాయి. మందుల షాపులోనూ దొరుకుతాయి.

ఇది చిన్న మార్పు కాదండీ. వేల ఏళ్ళుగా ఇల్లంతా లెక్కబెట్టి తేల్చిన సంగతి ఇప్పుడు స్నానాల గదిలో ఐదు నిమిషాల్లో ఆ పిల్లకి ఒక్కదానికే ముందు తెలుస్తుంది. ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది మొదటిసారి ఆమె చేతిలోకి వచ్చింది. మా అమ్మాయి ముందు వాళ్ళాయనకి చెప్పింది, మర్నాడు వాళ్ళమ్మకి, మూడో రోజున నాకు ఫోను చేసింది. మా ఇంట్లో పెద్దవాళ్ళు కొంచెం నొచ్చుకున్నారు, ముందు అత్తగారికి చెప్పాలి గదా అని. నాకైతే తప్పేమీ కనపడలేదు. మూడో రోజున విన్నా నా కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి.

కొందరు ఈ కబురు వినగానే రెండో ప్రశ్న వేస్తారు, ఆడా మగా అని. ఈజిప్టు వాళ్ళు గింజలతో వేసిన ప్రశ్నే. స్కానింగులో అది చెప్పడం, అడగడం రెండూ నేరమని 1994లో చట్టం చేశారు. ఆ చట్టం ఎందుకు రావాల్సి వచ్చిందో మనందరికీ తెలుసు. ఇంతకంటే రాయను.

ముందుగా తెలియడం వల్ల లాభం ఏంటంటే, గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకుంటుంది. అది సరిగా మూసుకోవడానికే డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తారు. వీలైతే గర్భానికి ముందు నుంచే వేసుకోమంటారు. ఏఎన్ఎమ్ దగ్గర పన్నెండు వారాల్లోపు పేరు రాయించమని కూడా చెప్తారు. మా నాయనమ్మ లెక్క ప్రకారం రెండో నెల కూడా తప్పాకే గట్టిగా చెప్పేవాళ్ళు, అప్పటికి ఆ నాలుగు వారాలూ దాటిపోయేవి.

మన చేలకి సంబంధించిన ముక్క కూడా ఇక్కడే ఉంది. గర్భిణులు పురుగుమందులకి దూరంగా ఉండాలని డాక్టర్లందరూ చెప్తారు. మిర్చి కోతలకి, పత్తి తీతలకి వచ్చే ముఠాలో కొత్తగా పెళ్ళయిన పిల్లలు ఉంటారు. నెల తప్పిన మొదటి వారాల్లో ఏ పిల్లా వచ్చి రైతుకి చెప్పదు, మేస్త్రికీ చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. నిన్న మందు కొట్టిన చేలో ఇవాళ కోత పెడితే మాత్రం ఆ పిల్ల ఏం చేస్తుంది? రాకపోతే కూలి పోయె, వస్తే చేతులకీ ముక్కుకీ మందు తగిలె. అందుకని ఫలానా చేలో ఫలానా రోజు ఫలానా మందు కొట్టాం, ఇన్ని రోజులు ఆగాక కోత అని ముఠా మేస్త్రికి ముందే చెప్తే సరిపోతుంది. డబ్బా మీద గడువు రాసే ఉంటది. ఎవరు రావాలో ఎవరు మానాలో వాళ్ళే చూసుకుంటారు, కారణం ఎవరూ అడగరు. పోయిన ఏడు మిర్చి కోతల నుంచి మా చేలో అట్లాగే చెప్తున్నాం.